చలిజ్వరానికి చైనా మూలిక

పూర్వం చైనాదేశపు పండితులు తొడుక్కొనే అంగీల చేతులు ఎంతో వెడల్పుగా ఉండేవి. ఉత్తరాలు, డబ్బు, చిన్నపాటి పుస్తకాలు ఆ చేతులలోనే, మోచేతి వెనుక భాగాన, పదిలపరచుకొని తిరిగేవారు. క్రీస్తుశకం నాలుగవ శతాబ్దంలో గే హుంగ్ అనే పండితుడు ఒక వైద్యగ్రంథం వ్రాసి, అది కూడా అక్కడ ఉండదగినదే అనే భావంతో, మోచేతి వెనుక ఉంచుకొనవలసిన అత్యవసర చికిత్సలు అనే అర్థం వచ్చే పేరు పెట్టినాడు. గే హుంగ్ (283–343) ముఖ్యంగా రసవాది. అమరత్వం కోరి సిందూరాలు కాచినవాడు. చివరి రోజులు దక్షిణాన లోఫూ కొండమీద గడిపినాడు. అంతటి ఊహాలోకవాసి ఈ పుస్తకంలో మాత్రం నేలమీద నిలబడినాడు. బీదవారికి అందని ఖరీదైన మందులను విడిచి, ఇంటి కంచెల పక్కన దొరికే ఆకులనూ వేళ్లనూ ఏరి చెప్పినాడు.

ఆ గ్రంథంలో చలిజ్వరాలను గురించిన అధ్యాయం ఒకటి ఉన్నది. అందులోని అనేక యోగాల నడుమ పదిహేనే పదిహేను అక్షరాల చిన్న యోగం ఒకటి కనిపిస్తుంది. చింగ్‌హావ్ అనే మొక్కను ఒక పిడికెడు తీసుకొని, సుమారు 400 మిల్లీలీటర్లకు సమానమైన నీటిలో నానవేసి, పిండి, వచ్చిన రసమంతా త్రాగవలెనని దాని తాత్పర్యం. అంతకుమించి అందులో ఏమీ లేదు. ఈ పదిహేను అక్షరాలను పదహారు వందల సంవత్సరాలపాటు ఎందరో చదివినారు, ఎందరో ప్రతులు వ్రాసుకొన్నారు. కాని అందులోని ఒక క్రియాపదాన్ని నిలిచి ఆలోచించినవారు అరుదు. ఆ క్రియ విలువ లక్షలాది ప్రాణాలని తెలియడానికి 1971వ సంవత్సరం రావలసి వచ్చినది.

చింగ్‌హావ్ తెలుగువారికి బొత్తిగా పరాయిది కాదు. వినాయకచవితినాడు పత్రిపూజలో మొట్టమొదట సమర్పించే మాచిపత్రి, పూలదండలలో మల్లెల నడుమ కట్టే దవనం ఏ ఇంటి బిడ్డలో, ఇదీ ఆ ఇంటి బిడ్డయే. వృక్షశాస్త్రజ్ఞులు ఆ ఇంటికి ఆర్టిమీసియా అని పేరు పెట్టినారు. అందులో జాతులు కొన్ని వందలు. చింగ్‌హావ్ ఒక్క సంవత్సరంలోనే మొలిచి, పూచి, ఎండిపోయే మొక్క. మంచి నేలలో మనిషి ఎత్తుకు, ఒక్కొక్కచోట అంతకు మించి కూడా పెరుగుతుంది. ఆకు సన్నసన్నగా చీలి ఈకవలె ఉంటుంది. పూలు బహు చిన్నవి, పసుపువన్నెవి. ఆకు నలిపితే కర్పూరాన్ని తలపించే ఘాటు వస్తుంది. ఆ ఘాటుకు కారణమైన తైలం ఆకులమీదా పూలమీదా కంటికి ఆననంత చిన్న గ్రంథులలో ఊరుతుంది. మందు ఉండేది కూడా అక్కడనే. పూతకు వచ్చే రోజులలో ఆకులో మందు హెచ్చుగా ఉంటుంది. పొలం గట్లమీదా పాడునేలలలోనూ ఎవరూ నాటకుండానే మొలిచే మొక్క కనుక, దానిని కోసుకొని వాడుకొనడానికి బీదవానికి అడ్డు లేదు.

అయితే చింగ్‌హావ్ అంటే ఏ మొక్క? ఈ ప్రశ్న చూచినంత సులభమైనది కాదు. హావ్ అనేది ఈ ఇంటి మొక్కలన్నింటికీ ఉమ్మడి పేరు. చింగ్ అంటే ఆకుపచ్చకూ నీలానికీ నడిమి వన్నె. దీనికి తోడు హువాంగ్‌హావ్, హువాంగ్‌హువాహావ్ అనే పేర్లు కూడా ఉన్నవి. హువాంగ్ అంటే పసుపు. ఆకుపచ్చనూ పసుపుపచ్చనూ ఒకే పచ్చగా పిలిచే తెలుగువారికి ఈ చిక్కు ఇట్టే అర్థమవుతుంది. పదునొకండవ శతాబ్దపు పండితుడు షెన్ కువో తన వ్యాససంపుటిలో ఈ మొక్కలలో రెండు విధాలు ఉన్నవని గుర్తించినాడు. శరదృతువు చివర తక్కినవన్నీ పసుపువారగా, ఒకటి మాత్రం పచ్చగానే నిలుస్తుందని, పూర్వులు మెచ్చినది ఆ పచ్చనిదే కావచ్చునని ఆయన ఊహ. పదహారవ శతాబ్దంలో లీ షిజెన్ (1518–1593) తన మహౌషధ నిఘంటువులో చింగ్‌హావ్‌ను, హువాంగ్‌హువాహావ్‌ను వేరువేరు ఆరోపాల క్రింద వర్ణించి, చలిజ్వరాన్ని చింగ్‌హావ్ క్రింద చేర్చినాడు. ఆధునిక పరీక్షలు తేల్చినది వేరు. చలిజ్వరాన్ని కుదిర్చే పదార్థం పసుపు పేరుగల మొక్కలోనే ఉన్నది, పచ్చదనంతో మెప్పు పొందిన దాని చెల్లెలిలో లేదు. నిఘంటువులు ఎంత పెద్దవైనా, మొక్కను చేతబట్టి చూచేవరకు పేరు పేరే.

చైనా వైద్యంలో ఈ మూలిక చరిత్ర గే హుంగ్‌కన్న పాతది. 1973లో హూనాన్ రాష్ట్రంలోని మావాంగ్‌దుయి అనే చోట ఒక సమాధిని త్రవ్వినారు. అది క్రీస్తుపూర్వం 168లో మూసివేసినది. అందులో దొరికిన పట్టుగుడ్డల వ్రాతలలో ఒక వైద్యసంపుటి ఉన్నది. చింగ్‌హావ్ పేరు మొదట కనిపించేది అక్కడనే. కాని అక్కడ చెప్పినది జ్వరానికి కాదు, మూలవ్యాధికి. తరువాతి ఓషధిగ్రంథం దురదకు, గజ్జికి, పేలకు, ఎముకల కీళ్ల నడుమ నిలిచిన వేడికి దీనిని వాడవలెనన్నది. చైనా వైద్యుల లెక్కలో ఇది చేదుగా, కారంగా ఉండి, చలువచేసే మందు. పైత్యకోశానికీ కాలేయానికీ సంబంధించిన మార్గాలలో సంచరిస్తుంది. ఎండదెబ్బకు, సాయంకాలం వచ్చి తెల్లవారేసరికి చెమట పట్టకుండానే తగ్గే సన్నని జ్వరానికి, దీర్ఘరోగం తరువాత ఒంటిలో మిగిలిపోయిన తాపానికి దీనిని ఇస్తారు.

ఈ చివరి దానికి వూ జూతుంగ్ అనే వైద్యుడు 1798లో పూర్తిచేసిన తన ఉష్ణజ్వర గ్రంథంలో చెప్పిన యోగం నేటికీ వాడుకలో ఉన్నది. అందులో చింగ్‌హావ్‌తో తాబేటి చిప్పను జతచేసి, మరి మూడు మూలికలు కలిపినాడు. తాబేలు లోతులకు ప్రాకగలదు కాని తనంతట పైకి రాలేదు; చింగ్‌హావ్ పరిమళం పైకి రాగలదు కాని లోతుకు దిగలేదు; కనుక లోపలికి పోవునప్పుడు తాబేలు దారి చూపుతుంది, వెలుపలికి వచ్చునప్పుడు చింగ్‌హావ్ దారి చూపుతుంది అని ఆయన సమర్థన. ప్రయోగశాల దీనిని ఒప్పుకొంటుందా అనే ప్రశ్న వేరు. రెండు మూలికల స్వభావాలను రెండు పాత్రలుగా చేసి నడిపిన ఆ ఊహలో మాత్రం కావ్యలక్షణం ఉన్నదనక తప్పదు.

ఇక చలిజ్వరం. మన ఆయుర్వేదం విషమజ్వరమని, దినం విడిచి దినం వచ్చేదానిని తృతీయకమని, రెండు దినాలు విడిచి వచ్చేదానిని చతుర్థకమని విభజించినది దీనినే. మన్యం ప్రాంతాలలో మన్యపు జ్వరంగా పేరుపడినదీ ఇదే. రోగకారణమైన క్రిమి దోమ కడుపులో ఎదగడాన్ని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది సికింద్రాబాదులోనే. కారణం తెలియని యుగాలలో కూడా చైనీయులు మందు వెదకడం మానలేదు. వారు అన్నింటికన్న ఎక్కువ నమ్మినది చాంగ్‌షాన్ అనే వేరు. దాని గుణం నిజమే, కాని అది రోగిని వాంతులతో అల్లాడించేది. చింగ్‌హావ్ అటువంటి బాధ పెట్టదు, అయినా దానికి రావలసిన పేరు రాలేదు. కారణం ఊహించదగినదే. చైనా వైద్యునికి మందు అంటే కషాయం. ఆకైనా వేరైనా మట్టికుండలో పోసి మరిగించడం అక్కడ అలవాటు. మరిగించిన చింగ్‌హావ్‌లో జ్వరాన్ని తగ్గించే గుణం అస్థిరం. ఒకరికి పనిచేసినట్లుంటుంది, మరొకరికి చేయదు. అటువంటి మందును ఎవరు నమ్ముతారు?

1960 ప్రాంతాల వియత్నాం యుద్ధం ఈ కథను మళ్లీ కదిపినది. అడవులలో పోరాడే ఉత్తర వియత్నాం సైనికులను తుపాకులకన్న చలిజ్వరమే ఎక్కువగా పడగొట్టుచుండెను. అంతవరకు ఆదుకొన్న క్లోరోక్విన్‌కు అక్కడి క్రిములు లొంగడం మానినవి. హోచిమిన్ చైనాను సహాయం కోరినాడు. 1967 మే 23న బీజింగులో జరిగిన సమావేశంలో ఒక రహస్య పరిశోధన ప్రారంభమైనది. ఆ తేదీనిబట్టి దానికి 523 పథకమని పేరు. అది సాంస్కృతిక విప్లవకాలం. విద్యాలయాలు మూతపడి, పెద్ద పండితులు పదవులు పోగొట్టుకొని మూలపడి ఉన్న రోజులు. 1969 జనవరిలో బీజింగులోని సంప్రదాయ వైద్య పరిషత్తు ఈ పనిని తూ యూయూ అనే పరిశోధకురాలికి అప్పగించినది.

అప్పటికి ఆమెకు 38 సంవత్సరాలు. 1930 డిసెంబరు 30న నింగ్‌పో నగరంలో జన్మించినారు. పదహారవ యేట క్షయ సోకి రెండేళ్లు చదువు ఆపవలసి వచ్చినది. ఔషధశాస్త్రం చదవవలెననే కోరిక అప్పుడే కలిగినదని ఆమె తరువాత చెప్పినారు. 1955లో పట్టం పుచ్చుకొని, పాశ్చాత్య పద్ధతిలో చదివినవారికి చైనా వైద్యం నేర్పే తరగతులలో రెండున్నర సంవత్సరాలు చదివినారు. ఈ రెండవ చదువు లేకున్న ఆ పాత గ్రంథం ఆమె చేతికి వచ్చి ఉండేది కాదేమో. ఆమె పేరుకు కూడా ఒక చరిత్ర ఉన్నది. యూయూ అనేది లేడి అరుపుకు అనుకరణం. చైనీయుల ప్రాచీన గీతసంపుటిలో లేళ్లు మేత మేయుచు అరిచే ఒక పాట నుండి ఆమె తండ్రి ఈ పేరు తీసినాడు. ఆ పాట రెండవ చరణంలో లేళ్లు మేసే గడ్డి పేరు హావ్. ఈ సంగతి కల్పన అయితే పాఠకులు నమ్మరు.

పని ఒప్పుకొనేనాటికి ఆమె భర్తను గ్రామీణ శిబిరానికి పంపివేసి ఉన్నారు. నాలుగేళ్ల పెద్దకూతురిని శిశుగృహంలో విడిచి, చిన్నదానిని నింగ్‌పోలోని తల్లిదండ్రుల వద్ద ఉంచి, చలిజ్వరం తాండవించే హైనాన్ ద్వీపానికి వెళ్లినారు. తిరిగి చూచినప్పుడు పెద్దపిల్ల తల్లిని పోల్చుకొనలేదు. పాత గ్రంథాలను తిరగవేసి, వృద్ధవైద్యులను అడిగి, ఆమె బృందం రెండువేల యోగాలను పోగుచేసినది. వాటినుండి 640 యోగాలతో ఒక సంకలనం తయారైనది. మిరియాల సారం మొదట ఎంతో ఆశ కల్పించి రోగుల దగ్గర విఫలమైనది. రెండు వందల మూలికలనుండి 380కి పైగా సారాలు తీసి జ్వరం పట్టించిన ఎలుకలమీద పరీక్షించినారు. చింగ్‌హావ్ కూడా వాటిలో ఒకటి. ఒకసారి నూటికి 68 పాళ్లు క్రిములను అణచినది. సంతోషించి మళ్లీ చేసి చూడగా 40కి, ఒక్కొక్కప్పుడు 12కు పడిపోయినది. పూర్వవైద్యులకు ఎదురైన అస్థిరతయే ప్రయోగశాలలోనూ ఎదురైనదన్నమాట.

ఇక్కడ ఆమె చేసిన పని తెలుగు అధ్యాపకులకూ విద్యార్థులకూ ప్రత్యేకంగా ఆసక్తి కలిగించదగినది. ఆమె కొత్త యంత్రం కొనలేదు, మరొక మూలికను వెదకబోలేదు. మూలగ్రంథాన్ని మళ్లీ తెరిచి చదివినారు. గే హుంగ్ యోగంలో కాచు, మరిగించు అనే క్రియలు లేవు. నానవేయు, పిండు అని మాత్రమే ఉన్నది. మూలికలన్నింటినీ కాచే దేశంలో ఈ ఒక్కదానిని కాచమని ఎందుకు చెప్పలేదు? వేడిలో దీని గుణం నశిస్తుందేమో! శ్లోకంలో వ్యాఖ్యాతలందరూ దాటిపోయిన ఒక ధాతువు దగ్గర ఆగి, కవి వేరొక ధాతువు ఎందుకు వాడలేదని అడగడం వంటిదే ఇది. ఈ ప్రశ్న తోచిన పిదప ఆమె నీటిని, కాగే సారాయిని విడిచి, 35 డిగ్రీల వేడికే మరిగే ఈథర్‌తో ఆకులనుండి సారం తీసినారు. అందులో విషగుణం గల ఆమ్లభాగాన్ని క్షారంతో వేరుచేసి తొలగించినారు. 1971 అక్టోబరు 4న పరీక్షించిన ఆ సారం సంఖ్య 191. ఎలుకల రక్తంలో క్రిములు నూటికి నూరుపాళ్లు నశించినవి. కోతులలోనూ అదే ఫలితం.

మనుష్యులకు ఇవ్వవలెనంటే సారం చాలినంత కావలె. కర్మాగారాలు పనిచేయని రోజులు. ఇళ్లలో నీళ్లుపోసుకొనే పెద్ద తొట్లలో ఈథర్ పోసి ఆకులు నానవేసినారు. సరియైన గాలి వసతి లేని గదులలో పనిచేసినవారు జబ్బుపడినారు. తూ యూయూకు కాలేయవ్యాధి వచ్చినది. మందులో విషం ఉన్నదేమోనని శంక రాగా, 1972 జూలైలో ఆమె, మరి ఇద్దరు సహచరులు ఆసుపత్రిలో చేరి ముందుగా తామే ఆ మందు మ్రింగినారు. తరువాతనే హైనాన్‌లో 21 మంది రోగులకు ఇచ్చినారు. జ్వరం దిగినది, రక్తంలో క్రిములు మాయమైనవి. అదే సంవత్సరం చివరిలో మందు తెల్లని స్ఫటికాలుగా చేతికి వచ్చినది. చైనీయులు దానిని చింగ్‌హావ్‌సు అన్నారు, లోకం ఆర్టిమిసినిన్ అంటున్నది. ఆ స్ఫటికాలతో చేసిన మాత్రలు మరుసటి యేడు రోగుల దగ్గర సరిగా పనిచేయలేదు. లోపం మందులో లేదు. మాత్ర గట్టిగా ఉండి కడుపులో విడిపోలేదని తేలినది. గొట్టాలలో పోసి ఇవ్వగా గుణం ఇచ్చినది.

ఈ కీర్తి అంతా ఒక్కరికే కట్టబెట్టడం న్యాయం కాదు. యున్నాన్‌లో లువో జేయువాన్, షాంటుంగ్‌లో మరికొందరు అదే పదార్థాన్ని 1973 నాటికి వేరుగా తీసినారు. వారి మొక్కలో మందు బీజింగు మొక్కకన్న హెచ్చు. స్మృతి తప్పించే ప్రాణాంతక జ్వరాలమీద దానిని ప్రయోగించి దాని శక్తిని లోకానికి తెలిపినవాడు లీ గ్వోచ్యావ్. 1977లో దాని నిర్మాణాన్ని ప్రకటించిన వ్యాసంలో ఏ ఒక్కరి పేరూ లేదు. పరిశోధక బృందమని మాత్రమే ఉన్నది. అందువల్ల ఎవరు ఏమి చేసినారనే వివాదం చాలాకాలం నడిచినది. 2015లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానంలో సగం తూ యూయూకు లభించినప్పుడు అది మళ్లీ తలయెత్తినది. అయినా పుస్తకం తెరిచి ఆ క్రియ దగ్గర ఆగినది ఆమె అనే మాటను ఎవరూ కాదనలేదు. డాక్టరు పట్టం లేదు, విదేశంలో చదివినది లేదు. బహుమానం ప్రకటించినప్పుడు నిర్ణేతలలో ఒకరు, ఇది సంప్రదాయ వైద్యానికి ఇచ్చినది కాదని, దానినుండి ప్రేరణ పొందిన పరిశోధనకు ఇచ్చినదని స్పష్టంగా చెప్పినారు. కొందరికి ఆ మాట కటువుగా తోచినది. కాని ఎలుకలూ ఈథరూ లేకున్న గే హుంగ్ అక్షరాలు మరికొన్ని శతాబ్దాలు అట్లే నిదురించి ఉండేవి. ఆ అక్షరాలు లేకున్న ఈథర్ ఎక్కడ పోయవలెనో ఎవరికీ తెలిసేది కాదు.

ఆర్టిమిసినిన్ అణువులో రెండు ఆమ్లజని పరమాణువులు ఒకదానినొకటి పట్టుకొని వంతెనవలె ఉన్నవి. రక్తకణంలో దూరిన చలిజ్వర క్రిమి అక్కడి రక్తవర్ణకాన్ని తిని బ్రతుకుతుంది. ఆ తిండిలోని ఇనుము తగలగానే ఈ వంతెన విరిగి, విరిగిన తునకలు క్రిమినే కాల్చివేస్తవి. అది తిన్న కూడే దానికి మిత్తి అవుతుంది. ఎక్కువ వేడికి చెడేదీ, గుణమిచ్చేదీ ఆ వంతెనయే. మన దేశంలోనూ లక్నోలోని కేంద్ర ఔషధ సుగంధ మొక్కల సంస్థ ఈ మొక్కను పెంచి, మందు హెచ్చుగా ఉండే జీవన్‌రక్ష అనే రకాన్ని తయారుచేసినది.

మందు త్వరగా పనిచేసి త్వరగా శరీరాన్ని విడిచిపోతుంది. ఒంటరిగా ఇచ్చినట్లయితే చావక మిగిలిన కొద్ది క్రిములు దానికి అలవాటుపడతవి. కనుక ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నుండి దీనిని మరొక మందుతో జతచేసి మాత్రమే ఇమ్మని చెప్పుచున్నది. ఆ మాట అందరూ వినలేదు. కంబోడియా పశ్చిమభాగంలో లొంగని క్రిములు బయటపడినవని 2008 నుండి వార్తలు వచ్చినవి. తరువాత ఆఫ్రికాలోని రువాండా, ఉగాండాలలో కూడా కనిపించినవి. ఆఫ్రికాలో కొన్ని చోట్ల ఎండిన ఆకులతో తేనీరు కాచి చలిజ్వరానికి ఇచ్చేవారు బయలుదేరినారు. ప్రకృతిసిద్ధం, చవుక అని వారి వాదం. ఒక్కొక్క మొక్కలో మందు ఒక్కొక్క పాళంలో ఉంటుంది. నీటిలో చక్కగా కరగదు, మరిగితే నిలువదు. చాలీచాలని మందు తాగిన ఒంటిలో బలమైన క్రిములే మిగులుతవి. అందుకే ఆరోగ్య సంస్థ 2012లోనూ 2019లోనూ ఆ పద్ధతిని నిరాకరించినది. మన మాచిపత్రిలోనూ దవనంలోనూ అదే మందు ఉన్నదనుకొని కాచి తాగడం ఇంకా పొరపాటు. అక్కాచెల్లెళ్లయినంతమాత్రాన అందరి చేతి వంటా ఒకటి కాదు.

1940 ప్రాంతాలలో సంవత్సరానికి మూడు కోట్ల మందికి చలిజ్వరం సోకుచుండిన చైనాలో ఆ వ్యాధి లేదని ఆరోగ్య సంస్థ 2021 జూన్ 30న ప్రకటించినది. ఆ విజయంలో దోమతెరలకూ, దోమలమందులకూ, ఊరూరా రోగిని వెదకిపట్టిన కార్యకర్తలకూ మూలికతోపాటు వాటా ఉన్నది. అక్కడి ప్రభుత్వ ఔషధసంహిత చింగ్‌హావ్ అనే పేరుతో గుర్తించేది మందు గల ఆ పసుపుపూల మొక్కనే. వృక్షశాస్త్ర గ్రంథాలు మాత్రం ఆ పేరును దాని చెల్లెలికే ఉంచినవి. వైద్యశాలలలో పాతకాలపు వైద్యులు సాయంకాలపు జ్వరాలకు తాబేటి చిప్పతో కలిపి దానిని ఇప్పటికీ వ్రాసి ఇస్తారు. చీటీమీద చింగ్‌హావ్ పక్కన చిన్న సూచన ఒకటి ఉంటుంది: తక్కిన మూలికలన్నీ మరిగిన తరువాత, చివరి కొద్ది నిమిషాలకు మాత్రమే దీనిని కుండలో వేయవలెనని.